గొంగడి బరువు

ఆ ఎండాకాలం నేను నాలుగు ఎర్ర రంగు బిళ్ళలు అరగదీశాను. అన్నీ నెత్తురు బొమ్మలకే.

డెబ్బైల చివరి సంవత్సరాల మాట ఇది. అప్పటికి నా కూతురికి ఏడో నెల. హన్మకొండలో బీఎస్సీ చదివి, పెళ్ళయ్యాక వరంగల్‌లో విత్తనాల దుకాణం నడిపే ఇంటికి కోడలిగా వచ్చాను. చదువు వల్ల నాకు ఒక్కటే ఒరిగింది, భయపడిన ప్రతిసారీ దానికో కారణం దొరికేది. పాప ఎన్నిసార్లు పాలు తాగింది, ఎంతసేపు ఏడ్చింది, ఎన్నిసార్లు తుమ్మింది, అన్నీ ఒక నోటుబుక్కులో ఎక్కించేదాన్ని. ఒళ్ళో పాప ఉండి రాయడం కుదరకపోతే బొమ్మ వేసేదాన్ని. గిన్నె వేస్తే పాలు. చుక్కలు పెడితే జ్వరం. ముడుచుకున్న కాళ్ళు వేస్తే కడుపునొప్పి. ఆ బుక్కు కనపడినప్పుడల్లా మా అత్తమ్మ, "మా పిల్లలు బుక్కుల ఎక్కకుండనే పెరిగిండ్రు" అని వెళ్ళిపోయేది.

టీకా వేయించడానికి పాపను ఆరోగ్య కేంద్రానికి తీసుకుపోయిన రోజు డాక్టరమ్మ ఏదో అడిగింది. నేను జవాబు కోసం పేజీలు తిప్పుతుంటే ఆమె బుక్కు చేతిలోకి తీసుకుని చూసింది. ఆమెది కోస్తా. నవ్వు ఆపుకుంటూ అడిగింది.

"ఇవి మీరే వేశారా? అక్షరం రానివాళ్ళకి కూడా తెలిసిపోయేలా ఉన్నాయే. నాకో పని చేసిపెడతారా?"

ఆమె పల్లెల్లో కాన్పులు చేసే మంత్రసానులు పదిమందికి వారం రోజులు శిక్షణ ఇవ్వబోతోంది. ఖిలా వరంగల్‌లో సెలవులిచ్చిన ఒక బడిలో గది అడిగి పెట్టుకుంది. చేతులు కడుక్కోవడం, బొడ్డు కోసే బ్లేడు ఉడకబెట్టడం వంటివి చెప్పాలి. అన్నిటికన్నా ముఖ్యం, కాన్పయ్యాక నెత్తురు ఎక్కువగా పోతుంటే గుర్తుపట్టి ఆలస్యం చేయకుండా దవాఖానకు పంపించడం. దీనికంతా బొమ్మల పటాలు కావాలి.

పెళ్ళయ్యాక నా చదువుతో పని పడడం అదే మొదటిసారి. ఒప్పుకుంటూనే ఒక కోరిక కోరాను. ఆ పదిమందిలో మా ఊరి మంత్రసాని ఉండాలి.

మా పుట్టిల్లు నెక్కొండ స్టేషన్‌కు రెండు మైళ్ళలో ఉంది. అక్కడ మా చెల్లె తొలిచూలు మోస్తోంది, నెలలు నిండాయి. దవాఖానలో కాన్పంటే కడుపు కోస్తారని మా అమ్మకు భయం. నన్నూ చెల్లెనూ భూమ్మీదికి తెచ్చిన ముసలవ్వే చెల్లె కాన్పు కూడా చేస్తుందని తేల్చేసింది. ఆ అవ్వది గొంగళ్ళు నేసే ఇల్లు. చెయ్యి మంచిదని పేరు. కానీ నా కాన్పప్పుడు ఆమె మా అమ్మతో అన్న మాట నా చెవిలో పడింది. "పోనీయి, చెడు నెత్తురు ఎంత పోతే అంత మంచిది." ఆ మాట మా చెల్లె మంచం పక్కన మళ్ళీ వినపడకూడదు. నాకు అదొక్కటే పట్టుకుంది.

అవ్వ రోజూ పొద్దున నెక్కొండలో ప్యాసింజరెక్కి వచ్చి, సాయంత్రం తిరిగిపోయేది. మొదటి రోజు బడిగది గుమ్మంలో నన్ను చూసి ఆగిపోయింది.

"నువ్వా బిడ్డా నన్ను పిలిపిచ్చింది? నీ బొడ్డు కోసినదానికి పాఠం జెప్పిస్తానవా?"

"బొమ్మలు నేనేసిన అవ్వా. చూస్తవని."

"కాళ్ళతోటి పుట్టినవ్. గప్పుడే అనుకున్న, ఇది ఊకుండేది గాదని."

పదిమందీ నవ్వారు. పాపను ఒళ్ళో వేసుకుని మూలన కూర్చున్నాను. డాక్టరమ్మ పాఠం మొదలుపెట్టి, "ప్రసవానంతర రక్తస్రావం" అనగానే గదిలో ముఖాలన్నీ నా వైపు తిరిగాయి. "కాన్పయినంక నెత్తురు పోవుడు" అన్నాను. హమ్మయ్య అన్నట్టు అందరూ మళ్ళీ ఆమె వైపు తిరిగారు. ఆ వారమంతా నేను బొమ్మలమ్మాయినే కాదు, దుబాసీని కూడా.

రెండో రోజు నా పటాలు గోడకెక్కాయి. తెల్లబట్ట మీద చిన్న ఎర్ర మరక, అంటే ఫరవాలేదు. బట్ట సగం ఎరుపు, అంటే జాగ్రత్త. అలాంటి బట్టలు రెండు, నిండా ఎరుపు, అంటే దవాఖాన. ఎరుపును మూడు ఛాయల్లో దిద్దాను. ముచ్చటపడుతూ నిలబడ్డాను. అవ్వ లేచి దగ్గరికొచ్చి, ఒక్కొక్కటీ ముక్కు ఆనించినంత దగ్గరగా చూసి, తిరిగిపోయి కూర్చుంది.

"ఏమ్మా, మూడోది చూస్తే ఏం చేస్తావు?" డాక్టరమ్మ అడిగింది.

"ఏం జెయ్య. తొమ్మిది నెలల సంది ఆగిన ముట్టు నెత్తురు గది. లోపల్నే ఉంటే కుళ్ళదా? పోవాలె."

మిగతావాళ్ళు తలలూపారు. డాక్టరమ్మ గర్భసంచి గురించి చెప్పింది, మాయ గురించి చెప్పింది. తలలు అలాగే ఊగుతున్నాయి. ఆ లెక్కలో తప్పేమీ లేదు మరి. నెలనెలా పోవలసింది తొమ్మిది నెలలు ఆగితే, అంతా ఒక్కసారే పోవాలి కదా. నాకు చప్పున తోచి, పాపను చంకలో పట్టుకుని ముందుకు నడిచి అవ్వ ఒళ్ళో కూర్చోబెట్టాను.

"అవ్వా, ఆ నెత్తురు లోపలెక్కడ ఆగింది? ఇగో, దీనికే పోయింది. దీని చెంపలు చూడు."

అవ్వ పాపను ఎత్తి చూసింది. తొడ గిల్లింది. పాప ఆమె ముక్కుపుడక పట్టుకుని లాగింది.

"అగో. అంతా ఇదే తాగిందా దొంగముండ," అంది అవ్వ. "మరి తల్లి తాన మిగిలింది తల్లిదేనాయె. అది పోతే ఎట్ల?"

డాక్టరమ్మ నా వైపు చూసింది. అది పుస్తకంలో రాసినట్టు లేదు, కానీ సరిదిద్దలేదు. ఆ సాయంత్రం ఇంటికి నడుస్తుంటే కాళ్ళు నేల మీద ఆనలేదు.

మర్నాడు అవ్వ చంకలో ఒక మూట పెట్టుకుని వచ్చింది. విప్పితే పాత నల్ల గొంగడి ముక్క. నా పటాల కింద నేల మీద పరిచింది.

"బిడ్డా, నీ తెల్లబట్ట బొమ్మలు మంచిగున్నయి. గని పురిటింట్ల తెల్లబట్ట ఎవరేస్తరు? నువ్వు సుత దేని మీద కన్నవో యాది చేసుకో."

గొంగడి మీదే. మా ఊళ్ళో అందరూ గొంగడి మీదే కంటారు. వెచ్చగా ఉంటుందని, ఉతికితే పోతుందని, పురిటి అంటు దానికి అంటదని. బీఎస్సీ చదివిన నేను, నల్ల గొంగడి మీద బిడ్డను కని ఏడు నెలలు తిరగకముందే, తెల్లబట్ట మీద ఎర్ర మరకలు దిద్దుతూ కూర్చున్నాను.

"రెండు గ్లాసుల నీళ్ళల్ల నీ రంగు కలిపి పొయ్యి," అంది అవ్వ.

పోశాను. గొంగడి తాగేసింది. పైన మంచు పడినంత తడి తప్ప ఏమీ కనపడలేదు. డాక్టరమ్మ వంగి అరచేయి ఆనించి చూసింది. ఇంకో రెండు గ్లాసులు పోయమంది. అవీ మాయమయ్యాయి.

"గింతేనా?" అంది ఎవరో వెనక నుంచి.

"గింతే గనవడ్తది. నలభై ఏండ్ల సంది గింతే జూస్తాన్న." అవ్వ కూర్చోలేదు. గొంగడి కొస పట్టుకుని అలాగే నిలబడింది. "ఒక పోరి నా చేతులల్లనే పోయింది. మాట్లాడుకుంటనే పోయింది. గాలి సోకిందన్నరు, నేనూ గట్లనే అనుకున్న. తర్వాత దాని కింది గొంగడి ఉతుకుదామని ఎత్తవోతే లేవలే. గొంగడి బరువు నాకు తెల్వదా? పుట్టినింట్ల నేసిన, అత్తింట్ల నేసిన. వానకు నానింది ఎంతుంటదో నా చేతికి ఎరుక. గది వానకు నానినదాని కంటె బరువుండె. ఎవరికీ చెప్పలే. నిన్న నీ బిడ్డను ఎత్తుకున్నప్పటి సంది గదే యాదికొస్తాంది."

డాక్టరమ్మ చేతి రుమాలు తీసి గొంగడి మీద అదిమింది. రుమాలు ఎర్రగా తడిసి వచ్చింది.

"మీ పటాలు తీసేయండి," అంది నాతో. ఆమె గొంతులో కోపం లేదు, హుషారుంది. "చూసేది కాదు, ఎత్తేది నేర్పుదాం."

ఆ మధ్యాహ్నం నుంచి బడిగది సంతలా మారింది. పాత చీరలు చింపి మడతలు పెట్టాం. కొన్ని పొడిగా ఉంచాం, కొన్నిటి మీద ఒక గ్లాసు పోశాం, కొన్నిటి మీద రెండు. మంత్రసానులు కళ్ళు మూసుకుని ఒక్కొక్కటీ ఎత్తి చెప్పాలి.

"కండ్లు మూస్తే నిద్రొస్తాంది డాక్టరమ్మా."

"నీకు కండ్లు తెరిచినా నిద్రేనాయె, నీ తాన కన్నోళ్ళే చెప్తరు."

కొత్తవాడ నుంచి వచ్చిన ఒకామె జంపఖానాలు నేసే ఇంటిది. నూలు ఎన్ని నీళ్ళు తాగుతుందో ఆమె వేళ్ళకు తెలుసు. ఒక్కటీ తప్పలేదు. అవ్వా ఆమే పంతానికి దిగారు. నేను నీళ్ళు పోసేదాన్ని, పాప నేల మీద పాకి తడిగుడ్డలు నోట్లో పెట్టుకునేది, డాక్టరమ్మ చీర కుచ్చిళ్ళు దోపుకుని గది మధ్యలో నిలబడి గెలిచినవాళ్ళకు చప్పట్లు కొట్టేది. గొంగడి మీద తెల్లటి పాతచీర మడతపెట్టి వేయాలని, తడిసినకొద్దీ మార్చి ఎత్తి చూడాలని తేల్చుకున్నాం. బొడ్డు కింద చేయి వేస్తే గర్భసంచి పచ్చి వెలక్కాయలా గట్టిగా తగలాలని, మెత్తగా ఉంటే గట్టిపడేదాకా రుద్దాలని, బిడ్డను వెంటనే రొమ్ముకు వేస్తే లోపలిది ముడుచుకుంటుందని డాక్టరమ్మ చెబుతుంటే, ఈసారి తలలూపడం లేదు, ఎదురు ప్రశ్నలు వేస్తున్నారు.

చివరి రోజు డాక్టరమ్మ ఒక్కొక్కరినీ అడిగింది. అవ్వ వంతు వచ్చింది.

"బట్ట బరువుగా ఉంది. బాలింత మాత్రం నవ్వుతూ మాట్లాడుతోంది. ఏం చేస్తావు?"

"జర చూస్త."

"ఎందుకు ఆగడం?" అంది డాక్టరమ్మ.

"నీకు తెల్వదు డాక్టరమ్మా. నవ్వుతున్న బాలింతను తొలిరోజే గడప దాటిస్తే, తర్వాత ఆమెకు తలనొప్పొచ్చినా నా మీదికే వస్తది. ఇగ ఆ ఊర్లె నన్నెవరూ పిలువరు. బరువు నాకు ఎరుకైతది. గడప నాది గాదు."

ఆ సాయంత్రం స్టేషన్‌కు వెళ్ళే రిక్షా ఎక్కిస్తూ అవ్వ చేయి పట్టుకున్నాను. "నువ్వు చేసేది చెయ్యి. మా ఇంట్ల గడప నేను దాటిస్త."

"చూద్దాం," అంది అవ్వ.

ఆ తర్వాత నాకు వరంగల్‌లో కాలు నిలవలేదు. మా అత్తమ్మే పాప గుడ్డలు మూటగట్టి ఇచ్చింది. "పో. నువ్వీడుంటే మాకు సుత నిద్రుండది." పాపనూ, నేను కాలేజీ వీడ్కోలు రోజున కట్టుకున్న తెల్ల నూలుచీరనూ తీసుకుని నెక్కొండ బండెక్కాను.

నాలుగో రోజు తెల్లారగానే చెల్లెకు నొప్పులు మొదలయ్యాయి. అవ్వ వచ్చింది. సబ్బుతో మూడుసార్లు చేతులు కడిగి, "చూడు, మీ డాక్టరమ్మకు చెప్పు" అని నాకు చూపించింది. గొంగడి మీద నా తెల్లచీర ముక్కలు మడతలు వేసి పరిచింది. పొద్దెక్కి ఇంట్లోకి ఎండ పడేవేళకు కొడుకు పుట్టాడు. మాయ పూర్తిగా పడింది. అమ్మ కళ్ళు తుడుచుకుంది. బాపు వాకిట్లోంచి "ఏం పుట్టిండు?" అని రెండుసార్లు అడిగి, రెండుసార్లూ సంతోషపడ్డాడు.

అవ్వ మొదటి మడత తీసి ఎత్తి చూసి పక్కన పెట్టింది. రెండోది వేసింది. కాసేపటికి దాన్నీ తీసింది. ఎత్తింది కానీ కింద పెట్టలేదు. నా చేతిలో పెట్టింది.

"పట్టు."

పట్టుకున్నాను. బడిగదిలో నేనే నీళ్ళు పోసి తడిపిన బరువులన్నీ నా చేతికి గుర్తున్నాయి. ఇది వాటన్నిటినీ దాటింది.

"ఎక్కువుంది అవ్వా."

"నాకూ గట్లనే అనిపిస్తాంది."

"ఏం గుసగుస పెడ్తాన్రు?" చెల్లె నవ్వింది. "జర చల్ల పొయ్యిండ్రి, నోరెండుతాంది."

అవ్వ బొడ్డు కింద చేయి వేసింది. నా చేయి లాగి అక్కడ పెట్టింది. వెలక్కాయ లేదు. తడిపిన పిండిలా మెత్తగా ఉంది. అవ్వ రుద్దడం మొదలుపెట్టింది. గట్టిపడింది, చేయి తీయగానే మళ్ళీ జారిపోయింది.

"పోరన్ని రొమ్ముకు వెయ్యి," అంది అమ్మతో.

"మూడొద్దులు గాకముందేనా? ముర్రుపాలు పిండి పారవొయ్యాలె గదా."

"గీ పాలు పోరనికి గాదు, తల్లికి మందు. వెయ్యి."

అమ్మ వేసింది. వేస్తూనే అంది, "ఎందుకు గంత పరేషాన్? చెడు నెత్తురు పోనీయి. నా కాన్పుల నువ్వే జెప్పినవ్."

"జెప్పిన. తప్పు జెప్పిన." అవ్వ చేయి ఆపలేదు. తల తిప్పి వాకిట్లో ఉన్న బాపుకు కేక వేసింది. "ఓ పటేలా, బండి కట్టు. నెక్కొండ దవాఖానకు."

అమ్మ గుమ్మానికి అడ్డంగా వచ్చింది. "నవ్వుకుంట మాట్లాడుతాంది. గియ్యాల్నే బాలింతను గడప దాటిస్తరా? రేపు దానికేమన్నయితే?"

అవ్వ నా వైపు చూసింది. తిట్లు తన మీదికే వస్తాయని తెలిసీ ఆమె బండి కట్టమంది. మిగిలింది నా పని.

"నేను దాటిస్తాన్న," అన్నాను. "ఏమన్నయితే నన్నను." ఏడుస్తున్న నా పాపను అమ్మ చేతుల్లో పెట్టాను. చేతులు నిండేసరికి ఆమె పక్కకు జరిగింది. బాపూ నేనూ మంచంతో సహా చెల్లెను ఎత్తి బండిలో పెట్టాం.

ఆ రెండు మైళ్ళూ అవ్వ చేయి చెల్లె పొట్ట మీదే ఉంది. "ఎడ్లను కొట్టకు పటేలా, బండి ఊగితే నా చెయ్యి జారుతది," అంటుంది. మరుక్షణమే, "జల్ది పోనియ్యవేంది," అంటుంది. పిల్లాడు రొమ్ము వదిలితే నేను మళ్ళీ అందిస్తున్నాను. నా రెండో చేతిలో తడిసిన బట్టల మూట. పారేయబోతే అవ్వ ఆపింది. చెల్లె మాటలు మెల్లగా పలచబడుతున్నాయి. పెదవులు తెల్లబడ్డాయి. అయినా ఊరి పొలిమేర దాటాక, "అక్కా, చల్ల తెచ్చినవా?" అంది. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

దవాఖానలో నర్సు, "ఎంత పోయింది?" అని అడిగింది. అవ్వ మూట అందించింది.

"ఎత్తి చూడమ్మా."

నర్సు ఎత్తింది. ఇంకో ప్రశ్న వేయలేదు. లోపలికి పరుగెత్తి డాక్టరును పిలిచింది. సూది పడింది, సెలైన్ ఎక్కింది. గంట గడిచాక నర్సు నా చేయి పట్టి చెల్లె బొడ్డు కింద ఆనించింది. వెలక్కాయ. గట్టిగా, గుండ్రంగా, కదలకుండా. ఆ వరండాలో అటూ ఇటూ ఎన్నిసార్లు తిరిగానో తెలియదు. అప్పటికప్పుడు వరంగల్ దాకా నడిచిపోయి డాక్టరమ్మకు చెప్పగలననిపించింది.

అవ్వ గోడకు ఆనుకుని కూర్చుని కుడిచేయి ఎడమచేత్తో పిసుక్కుంటోంది.

"నొస్తాందా అవ్వా?"

"నొయ్యదా మరి? మీ చెల్లె పొట్ట గాదది, పిండి పిసికినట్టే." చేయి పిసుక్కుంటూనే అడిగింది. "మీ అమ్మ నన్ను తిడ్తదా?"

అమ్మ తిట్టలేదు. సాయంత్రం పాపను ఎత్తుకుని, పెద్ద చెంబు నిండా చల్ల తీసుకుని నడిచి వచ్చింది. చెల్లె తాగాక మిగిలింది అవ్వ చేతికిచ్చింది.

తర్వాతి శిక్షణకు కొత్త పటాలు వేశాను. అన్నీ నల్ల పెన్సిల్‌తోనే. మడత ఎత్తి పట్టుకున్న రెండు చేతులు. పొట్ట మీద ఒక అరచేయి. గడప దాటుతున్న మంచం. డాక్టరమ్మ వాటిని చూసి, "ఎరుపేదమ్మా?" అంది. ఈసారి ఆమె పక్కన కుర్చీలో కూర్చున్న అవ్వ జవాబిచ్చింది, "ఎర్రది చేతికి తెలుస్తది."

ఇదంతా ఇప్పుడు, ఇంట్లో అందరూ పడుకున్నాక రాస్తున్నాను. పాపకు మూడో ఏడు. నాకు మళ్ళీ ఆరో నెల. భయం ఏమీ తగ్గలేదు. ఆ తెల్లచీరలో మిగిలిన ముక్కలను ఉతికి మడతపెట్టి నా పెట్టెలో పెట్టుకున్నాను. అవ్వకు కబురు ముందే వెళ్ళింది. రోజూ పడుకునే ముందు ఒక మడత తీసి, కళ్ళు మూసుకుని ఎత్తి చూస్తాను. పొడిదాని బరువు చేతికి గుర్తుండాలి కదా.